బిడ్డకు ఇల్లు, ఇంటికి ఊరు అండ
(గ్రామ కార్యకర్తల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)

నేడు మేము మీతో ముచ్చటింపదలచిన విషయము చిన్నపిల్లలకు సంబంధించినది. అయినను ఇది పెద్దలు శ్రద్ధతో వినవలసిన విషయము. తల్లిదండ్రులకు దూరమై శరణాలయములలోను, బాలల గృహములలోను పెరుగుచున్న పిల్లలను తిరిగి తమ ఇండ్లకు, తమ ఊళ్లకు చేర్చుట యెట్లు? చేరిన బిడ్డ మరల దూరము కాకుండ కాపాడుకొనుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలను గూర్చి మాకు తెలిసిన నాలుగు మాటలు మీ ముందుంచెదము.

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అను ఊళ్లు కలవు. ఒక తరము క్రిందట అవి రాళ్లగుట్టల నడుమ నుండిన పల్లెలు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూరునందు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీకి అది నాంది. నేడు ఆ ప్రాంతమంతయు సైబరాబాదు అను పేర దేశదేశములకు తెలిసినది. కంప్యూటరు పనులు చేయు లక్షలాది యువతీయువకులకు అది అన్నము పెట్టుచున్నది. వారిలో మన పల్లెల బిడ్డలును ఉన్నారు. ఇది మనకు గర్వకారణమే.

అయితే ఆ అద్దాల మేడలను కట్టిన చేతులు వేరు. పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి, ఒడిశా, బిహారు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముల నుండి వచ్చిన కూలీలు ఆ పునాదులు త్రవ్విరి, ఇసుక మోసిరి, కమ్ములు కట్టిరి. ఒక మేడ పూర్తి కాగానే మరొక మేడకు, ఒక రేకుల షెడ్డు నుండి మరొక షెడ్డునకు వారి కాపురము మారుచుండును. వారి వెంట పిల్లలును మారుచుందురు. తల్లి గంప నెత్తినబెట్టుకొని పనికి పోవును. ఆరేండ్ల పిల్ల ఏడాది తమ్ముని చంకనెత్తుకొని కాచుచుండును. బడి యెక్కడ? ఇరుగుపొరుగు యెవరు? ఊరిలోనైనచో బిడ్డ వీధి దాటిన వెంటనే "ఓరీ, నీవు ఫలానావారి పిల్లవాడవు కదా, ఇటు వచ్చితివేమి?" అని అడుగువారు పదిమంది యుందురు. అక్కడ అడుగువా డుండడు. పెద్ద పట్టణమునందు బిడ్డ తప్పిపోవుటకు గడియసేపు చాలును.

తప్పిపోయినవారే గాక, తండ్రి త్రాగివచ్చి కొట్టగా రైలెక్కి వచ్చినవారు, పని యిప్పింతునని యెవరో తీసికొనిరాగా వచ్చినవారు, తల్లి చనిపోగా దిక్కులేక తిరుగువారు కూడ నగరపు రైలు స్టేషన్లలోను, బస్సు స్టాండులలోను కనబడుచుందురు. ఇట్టి బిడ్డ కంటబడినచో ఏమి చేయవలెనో చట్టము స్పష్టముగా చెప్పినది. 2015లో చేయబడి 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చిన బాలల న్యాయ చట్టము ప్రకారము, పెద్దల అండ లేక విడిపోయిన బిడ్డను చూచినవారు 24 గంటలలోగా పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో, 1098 నంబరునకో తెలుపవలెను. తెలుపకుండుట నేరము. బిడ్డను ప్రయాణకాలము మినహాయించి 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుట హాజరుపరుపవలెను. ఈ సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉందురు. వారు విచారణ జరిపించి, బిడ్డను ఇంటికి పంపవలెనా, బాలల గృహమునందుంచవలెనా, మరొక కుటుంబమునకు అప్పగింపవలెనా యని నాలుగు మాసములలోగా తేల్చవలెను.

ఇంతవరకు మీలో పలువురికి తెలిసియే యుండును. తెలియని విషయ మొకటి కలదు. "శరణాలయములో నున్నవా రందరును తల్లిదండ్రులు లేని పిల్లలు" అని మనము తలచుచుందుము. అది నిజము కాదు. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఈ విషయము దేశమునకు లెక్కలతో సహా తెలిసినది. ఆ వ్యాధి ఆరంభమగునాటికి దేశమునందలి సంరక్షణ సంస్థలలో 2,27,518 మంది పిల్లలు ఉండగా, వారిలో 1,45,788 మందిని తల్లిదండ్రుల యొద్దకో, సంరక్షకుల యొద్దకో పంపినట్లు సుప్రీంకోర్టు ముందు చెప్పబడినది. అనగా నూటికి 64 మందికి తిరిగి పోవుటకు ఒక ఇల్లు కలదు! వా రేల శరణాలయములో నుండిరి? ఎక్కువమంది విషయమున సమాధాన మొక్కటే: పేదరికము. భర్త పోయిన తల్లి ఇద్దరు బిడ్డలను పోషింపలేక, ఒకనినైనను చదివింతురు గదా యని అప్పగించినది. వలస పోవు తండ్రి బిడ్డ బడి చెడకుండుటకు అప్పగించెను. వారికి బిడ్డపై ప్రేమ లేక కాదు. కాకి పిల్ల కాకికి ముద్దే. ముద్దు కడుపు నింపదు. అందుచేత ఎడబాటు కలిగినది.

బాలల గృహములో మూడుపూటల అన్నము, బట్ట, చదువు దొరకుచుండగా బిడ్డను ఇంటికి పంపుట యేల యని కొందరు అడుగుదురు. ఇది అడుగదగిన ప్రశ్నయే. శ్రద్ధతో నడుపబడు గృహములు ఉన్నవి. అందు పనిచేయువారిలో తల్లులవంటివా రున్నారు. అయినను వంతులవారీగా వచ్చిపోవు ఆయా యెంత మంచిదైనను, రాత్రి జ్వరము వచ్చినపుడు "అమ్మా" యని పిలిచిన ఒక్క బిడ్డకొరకే లేచునట్టి తల్లి కాజాలదు. రుమేనియా దేశమునందు 2000వ సంవత్సరము నుండి పండితులు ఈ విషయమును పరీక్షించిరి. బుఖారెస్టు నగరపు శరణాలయములలోని 136 మంది పసిపిల్లలలో సగము మందిని పెంపుడు కుటుంబములకు పంపి, తక్కినవారు ఎప్పటివలె పెరుగుచుండగా, ఇరువురి యెదుగుదలను ఏండ్ల తరబడి పోల్చి చూచిరి. కుటుంబములలో పెరిగిన పిల్లలకు తెలివితేటలు, మాట, మనస్సు చక్కగా వికసించినవి. ఎంత చిన్న వయసున కుటుంబము దొరకినచో అంత మేలు కలిగినది. మన పెద్దలు తల్లి ఒడియే మొదటి బడి యని చెప్పినది ఉత్త మాట కాదు.

మన చట్టమును ఇదే మాట చెప్పుచున్నది. సంస్థలో నుంచుట కడపటి ఉపాయము మాత్రమే యనియు, బిడ్డను కుటుంబమునకు తిరిగి చేర్చుటయే ప్రతి బాలల గృహమునకు ప్రధాన లక్ష్యమనియు 2015 నాటి చట్టమునందు వ్రాయబడినది.

ఇక కుటుంబమును వెదకుట యెట్లో వినుడు. ఐదేండ్ల బిడ్డను "నీ ఊరేది?" యని అడిగినచో "మా ఊరు" అనియే చెప్పును. జిల్లా తెలియదు, మండలము తెలియదు. తండ్రి పేరు "నాయన". అట్టియెడ అనుభవము గల కార్యకర్త బిడ్డతో ఆడుచు పాడుచు చిన్న చిన్న గురుతులు ఏరుకొనును. ఊరిబయట చెరువు కలదా? బడి ప్రక్కన ఏమున్నది? జాతర యెవరికి చేయుదురు? బస్సు దిగి నడచుదురా, రైలు దిగి నడచుదురా? తండ్రిని "బాపు" అని పిలిచినచో ఒక దిక్కు, "నాయన" అనినచో మరొక దిక్కు తోచును. తిండి పేర్లు, పాటలు, యాస అన్నియును దారి చూపును. ఈ చిన్న గురుతులు పట్టుకొని ఏండ్ల తరువాత ఇల్లు చేరిన పిల్లలు కలరు.

దీనికి తోడు నేడు యంత్రసాధనములు వచ్చినవి. తప్పిపోయిన పిల్లల వివరములు దేశమంతట పోల్చి చూచుటకు కంప్యూటరు జాబితాలు ఏర్పడినవి. ప్రతి సంవత్సరము జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేర పోలీసులు, ఇతర శాఖలవారు కలిసి గాలింపు జరుపుచున్నారు. తెలంగాణ పోలీసువారు "దర్పణ్" అను పేర ముఖములను పోల్చు సాధనమును సిద్ధపరచిరి. తప్పిపోయినవారి ఛాయాచిత్రములను దేశమునందలి బాలల గృహములలోని పిల్లల చిత్రములతో అది పోల్చి చూచును. 2015లో ఉత్తరప్రదేశమున తప్పిపోయిన బాలుడొకడు అస్సాములోని ఒక బాలల గృహమున నున్నట్లు 2019లో ఈ సాధనము మూలముననే తెలిసినది. నాలుగేండ్ల తరువాత ఆ బాలుడు తల్లిదండ్రుల చెంతకు చేరెను. హైదరాబాదున తయారైన ఉపాయము ఎక్కడనో గంగాతీరమునందలి యింట దీపము వెలిగించినది. కంప్యూటరు విద్యకు ఇంతకంటె చక్కని ఉపయోగ మేమి కలదు?

అయినను సాధనము ఇంటి చిరునామా మాత్రము చెప్పును; ఆ యింట బిడ్డ నిలుచునో నిలువడో చెప్పజాలదు. ఇక్కడనే జాగ్రత్త అవసరము. 2015 జనవరి మాసమున హైదరాబాదు పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుండి 200 మందికి పైబడిన పిల్లలను పోలీసులు విడిపించిరి. వారిలో ఎక్కువమంది బిహారు రాష్ట్రమువారు. వారిని స్వరాష్ట్రమునకు పంపిరి. విడిపించుట గొప్ప పనియే. కాని ఇట్టి పిల్లల విషయమున ఆలోచింపవలసినది మరొకటి యున్నది. దళారి వచ్చి తల్లిదండ్రుల చేతిలో కొంత సొమ్ము పెట్టి బిడ్డను తీసికొనిపోవునపుడు, ఆ యింట అప్పు ఉన్నది, ఆకలి ఉన్నది. బిడ్డ తిరిగి వచ్చునప్పటికి ఆ అప్పును, ఆ ఆకలియు అక్కడనే కూర్చుండి యున్నచో, మరల దళారి వచ్చుటకు ఎంతకాలము పట్టును?

2020 సెప్టెంబరున జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘమువారు మన రెండు తెలుగు రాష్ట్రములతో సహా ఎనిమిది రాష్ట్రములకు జాబులు వ్రాసి, సంస్థలలోని పిల్లలను 100 దినములలో కుటుంబములకు చేర్చు ప్రయత్నము చేయుడని కోరిరి. ఉద్దేశము మంచిదే. అయితే ఒక్కొక్క బిడ్డ ఇంటి స్థితిని విచారింపక తొందరపడినచో కీడు కలుగునని పిల్లలకొరకు పనిచేయువారు పలువురు ఆనాడు హెచ్చరించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో సుప్రీంకోర్టువారు, కోవిడ్ కాలమున ఇండ్లకు చేరిన ప్రతి బిడ్డ చదువునకు నెలకు 2,000 రూపాయలు ఇయ్యవలెనని రాష్ట్రముల నాదేశించిరి. ఇందు మనము గ్రహింపవలసిన నీతి యొక్కటి: బిడ్డను పంపుట ఒక దినపు పని, నిలుపుట ఏండ్ల పని.

కావున పంపుటకు ముందు మూడు విషయములు విచారింపవలెను. మొదటిది, బిడ్డ యిల్లు విడుచుటకు కారణమేమి? ఆ కారణము తీరినదా? కొట్టు తండ్రి మారెనా? ఇంటనే బిడ్డకు అపాయము జరిగినచో అట్టి యింటికి పంపరాదు. అమ్మమ్మ, మేనమామ, పెద్దనాన్న మొదలగు బంధువులలో తగినవారి నెన్నవలెను. వారును లేనిచో పెంపుడు కుటుంబము నెన్నవలెను. రెండవది, బిడ్డ యేమనుచున్నది? ఎనిమిదేండ్ల పిల్లకును మనసు కలదు, అడిగినచో చెప్పును. అడుగకుండ మూటవలె పంపుట తగదు. మూడవది, ఇల్లు నిలుచుటకు చేయూత యేమి?

ఈ మూడవదానికి ప్రభుత్వ సహాయము కలదు. 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య మార్గదర్శకముల ప్రకారము, స్పాన్సర్‌షిప్ అను పేర అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు ఉన్నది. భర్త లేని తల్లి, భర్త విడిచిన తల్లి పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల యింట పెరుగు పిల్లలు, ప్రాణాంతకమైన వ్యాధితోనో, అంగవైకల్యముతోనో తల్లిదండ్రులు పోషింపలేని పిల్లలు ఇందుకు అర్హులు. కుటుంబ ఆదాయము గ్రామములలో ఏడాదికి 72,000 రూపాయలు, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. బిడ్డ సంస్థ నుండి ఇంటికి వచ్చుటకును, అసలు సంస్థకు పోకుండుటకును ఈ సహాయ మొసగవచ్చును. ఇందుకై జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు దరఖాస్తు పెట్టవలెను. అడిగినవారందరికి వెంటనే దొరకుననుట లేదు. అడుగనివారికి ఎన్నటికిని దొరకదు. అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ కార్యదర్శి, స్వయంసహాయక సంఘపు సోదరీమణులు ఈ వార్తను గుడిసె గుడిసెకు చేరవేయవలెను.

ఊరు పూనుకొన్నచో ఏమి జరుగునో మన రంగారెడ్డి జిల్లాయే చూపినది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను 1991 ప్రాంతమున శ్రీమతి శాంతా సిన్హా నేతృత్వమున ఆ జిల్లా గ్రామములలో పాలేరు పిల్లలను, పనిపిల్లలను బడికి చేర్చు ఉద్యమ మారంభించినది. పని నుండి విడిపించిన పిల్లలను కొన్ని మాసములు శిబిరములో నుంచి, వయసుకు తగిన తరగతిలో చేరుటకు సిద్ధపరచి, ఊరిబడికి పంపిరి. శిబిరము వంతెనయే గాని ఇల్లు కాదని వారి భావము. బడిపంతుళ్లు, యువకులు, పంచాయతీ పెద్దలు, ఒకప్పుడు పిల్లలను పనికి పెట్టుకొన్న రైతులు సైతము ఆ కార్యమున చేతులు కలిపిరి. శ్రీమతి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే బహుమానము లభించినది. ఆ గౌరవమున ఆ గ్రామములకును భాగము కలదని మా విశ్వాసము.

ఇక మన మేమి చేయవలెనో చెప్పి ముగింతుము.

తిరిగి వచ్చిన బిడ్డను "పారిపోయినవాడు", "అనాథాశ్రమపు పిల్ల" అని యెత్తిపొడువరాదు. ఆ మాటయే బిడ్డను మరల రైలెక్కించును. కొంతకాలము వాడు ముభావముగా నుండవచ్చును, అన్నము దాచుకొనవచ్చును, తల్లినే కొత్తగా చూడవచ్చును. ఓర్పు వహింపవలెను. ఆ తల్లికిని ధైర్యము చెప్పవలెను.

బడిలో చేర్చుటకు కాగితములు లేవని త్రిప్పిపంపరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము వయసుకు తగిన తరగతిలో చేర్చుకొనవలెననియు, వెనుకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో పూరింపవలెననియు చెప్పుచున్నది. పుట్టినతేదీ పత్రము గాని, బదిలీ పత్రము గాని లేదను కారణమున ప్రవేశము నిరాకరింపరాదు.

వలస పోవు కుటుంబములు బయలుదేరునపుడు పిల్లల పేర్లు పంచాయతీలో వ్రాయించి పోవుట మంచిది. బిడ్డకు నాలుగేండ్లు రాగానే తల్లిదండ్రుల పూర్తి పేర్లు, ఊరు, మండలము, జిల్లా, ఒక ఫోను నంబరు పద్యమువలె కంఠస్థము చేయించుడు. ఖర్చులేని ఈ పని ఏండ్ల ఎడబాటును తప్పించును.

చదివింతునని, పెంచుకొందునని తెలియనివా రెవరు వచ్చి యడిగినను బిడ్డను అప్పగింపకుడు. బాలల గృహములన్నియు చట్టప్రకారము నమోదు కావలెను. బిడ్డను అమ్ముట, కొనుట రెండును నేరములే. అయిదేండ్ల వరకు కఠినశిక్ష కలదు.

సైబరాబాదున ఉద్యోగములు చేయుచున్న మన యువతీయువకులకును ఒక మాట. పుట్టినదినమున కేకు తీసికొని శరణాలయమునకు పోయి, పిల్లలకు పంచి, ఛాయాచిత్రములు దిగుట మీకు ఆనందము. మీ మనసు మంచిదే. కాని మీరు వెడలిన పిమ్మట, ఆ సాయంత్రము ఆ బిడ్డ తలచునది కేకు కాదు, మరునాడు మరొకరు వత్తురనియు కాదు, "మా అమ్మ యెప్పుడు వచ్చును?" అని. అదే సొమ్ముతో ఒక వితంతువునకు కుట్టుమిషను దొరకవచ్చును. బిడ్డ ఇంటనుండి బడికి పోవచ్చును. మీరు ఉద్యోగము చేయు మేడ ప్రక్కన కట్టుచున్న మేడ క్రింద రేకుల షెడ్డు కలదు. అందలి పిల్లలు బడికి పోవుచున్నారా యని ఒక్కమారు విచారింపుడు. శరణాలయమునకు చేరక మునుపే బిడ్డను కాపాడుట అదియే.

సోదర సోదరీమణులారా, ప్రభుత్వము చట్టము చేయగలదు, సొమ్ము ఇయ్యగలదు, పోలీసు బిడ్డను వెదకి తేగలడు. బస్సు దిగి, పాత సంచి చేతబట్టుకొని, ఊరి మొదట నిలిచిన ఆ బిడ్డను చూచి, "వచ్చితివా నాయనా, రా, మీ అమ్మ ఎదురుచూచుచున్నది" అని చేయిపట్టి యింటికి నడిపించువారు మీరే. ఆ చేయి మీరు అందింతురని మా నమ్మకము.

జై హింద్.